ఇవ్వకపోతే ఏమవుతుంది?

(ఇంజినీరింగ్ విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రోగ్రామర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

నేను పైథాన్ ల్యాబ్ తీసుకునే రోజుల్లో ఒకమ్మాయి మాన్యువల్ పక్కన తెరిచి పెట్టుకుని ప్రోగ్రాం రాస్తోంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల. ప్రతి గుర్తూ చూసుకుని, మళ్లీ చూసుకుని టైప్ చేసేది. యూజర్‌ని పేరు అడగాలి. దానికి ఇన్‌పుట్ అనే ఫంక్షన్ ఉంది కదా. అప్పటి మాన్యువల్లో ఆ ఫంక్షన్ పేరు, మామూలు బ్రాకెట్, దాని లోపల స్క్వేర్ బ్రాకెట్లలో ప్రాంప్ట్ (యూజర్‌కి తెర మీద చూపించాల్సిన ప్రశ్న) అనే మాట ఉండేవి. ఇలాగ: ఇన్‌పుట్([ప్రాంప్ట్]). ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు కొట్టింది. ప్రాంప్ట్ అనే పేరు ఎక్కడా చెప్పలేదని కంప్యూటర్ ఎర్రర్ ఇచ్చింది.

"ఆ స్క్వేర్ బ్రాకెట్లు టైప్ చెయ్యకూడదమ్మా" అన్నాను.

"మరి ఎందుకు పెట్టారు మేడమ్?"

"ఇస్తే ఇవ్వొచ్చు, మానేస్తే మానెయ్యొచ్చు అని చెప్పడానికి పెట్టారు."

"ఇవ్వకపోతే ఏమవుతుంది మేడమ్?"

మొదటి ప్రశ్నకి నేను చెప్పిన జవాబు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. రెండో ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. తర్వాత నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలకి మాన్యువళ్లు రాసే పనిలోకి వచ్చాను. ప్రతి ఫంక్షన్ గురించి రాసేటప్పుడు ఆ పిల్ల పక్కన నిలబడి అదే అడుగుతున్నట్టు ఉండేది. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ రెండో ప్రశ్న గురించే.

ముందు మాటల సంగతి. ఫంక్షన్‌కి మనం అందించే విలువని ఆర్గ్యుమెంట్ అంటాం. ఫంక్షన్ రాసినవాళ్లు దానికోసం పెట్టి ఉంచిన పేరుని పారామీటర్ అంటాం. పైథాన్ మాన్యువల్ ఈ తేడాని గట్టిగా పాటిస్తుంది, కానీ మనం మాట్లాడుకునేటప్పుడు రెంటినీ ఆర్గ్యుమెంట్ అనేస్తాం. నేనూ అలాగే అంటాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. కొన్ని అనువాదాల్లో ఆర్గ్యుమెంట్‌ని 'వాదన' అని రాస్తున్నారు. ఫంక్షన్‌తో ఎవరూ వాదన పెట్టుకోరు. ఆ మాట చదివిన పిల్లవాడికి అసలు విషయం ఎప్పటికీ అందదు. అంతకంటే ఆర్గ్యుమెంట్ అని తెలుగులో రాసేయడం ఎంతో మేలు.

ఇక ఆ స్క్వేర్ బ్రాకెట్ల సంగతి. అవి పైథాన్ వాళ్లు కనిపెట్టినవి కావు. 1971 నవంబర్‌లో వచ్చిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ ముందుమాటలోనే ఈ ఒప్పందం ఉంది. కింద గీత గీసిన మాటని ఉన్నదున్నట్టు కొట్టాలి. స్క్వేర్ బ్రాకెట్లో ఉన్నది ఇవ్వకపోయినా పర్వాలేదు. మూడు చుక్కలు పెడితే ముందున్నదాన్ని ఎన్నిసార్లైనా ఇవ్వొచ్చు. 'నేమ్' అని కనబడితే అది ఎప్పుడూ ఫైలు పేరే. ఇన్ని ఒప్పందాలు నాలుగైదు వాక్యాల్లో చెప్పేశారు. యూనిక్స్ కమాండ్లకి ఇది చక్కగా కుదిరింది. ఆ తర్వాత ఎవరికి తోచిన గుర్తులు వాళ్లు పెట్టుకుంటూ పోయారు. ఇన్ని రకాల గుర్తులు అక్కర్లేదని, పాస్కల్ భాషని తయారుచేసిన నిక్లాస్ విర్త్ 1977లో ఒక చిన్న వ్యాసం రాసి, తన వంతుగా ఒక పద్ధతి సూచించాడు. అందులోనూ స్క్వేర్ బ్రాకెట్ అంటే 'ఉండొచ్చు, ఉండకపోవచ్చు' అనే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పైథాన్‌లో స్క్వేర్ బ్రాకెట్‌కి వేరే పని ఉంది. అది లిస్టు. మాన్యువల్ రాసేవాళ్ల గుర్తు, భాషలోని గుర్తు ఒకటే అయిపోయాయి. ఏది పుస్తకం మాట, ఏది భాష మాట అని కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆ అమ్మాయి తప్పు చెయ్యలేదు. పుస్తకాన్ని నమ్మింది, అంతే.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పుస్తకం ఈమాక్స్ లిస్ప్ మాన్యువల్. ఈమాక్స్ అంటే ఒక టెక్స్ట్ ఎడిటర్, లిస్ప్ దాని లోపల వాడే ప్రోగ్రామింగ్ భాష. అందులో ముందే ఒక చిన్న అధ్యాయం ఉంటుంది, ఈ పుస్తకంలో ఫంక్షన్లని ఎలా వర్ణిస్తామో చెప్పడానికి. అక్కడ ఫూ అనే ఒక ఉత్తుత్తి ఫంక్షన్ని తీసుకుని మొత్తం చూపిస్తారు. ఫూ కి మొదటి ఆర్గ్యుమెంట్ ఒక పూర్ణాంకం. అది తప్పనిసరి. తర్వాత 'ఆప్షనల్' అనే మాట, దాని వెనక రెండో పూర్ణాంకం. తర్వాత 'రెస్ట్' అనే మాట, దాని వెనక ఎన్నైనా పూర్ణాంకాలు. ఫంక్షన్ చేసే పని ఏమిటంటే, రెండోదాంట్లోంచి మొదటిది తీసేసి, మిగతావన్నీ కలుపుతుంది. ఆ వెంటనే ఒక వాక్యం ఉంటుంది. రెండో పూర్ణాంకం ఇవ్వకపోతే 19 తీసుకుంటుంది అని. ఆ కిందే లెక్కలు. 1, 5, 3, 9 ఇస్తే 16 వస్తుంది. ఉత్త 5 ఇస్తే 14 వస్తుంది. మనసులో వేసుకోండి, అయిదులోంచి ఒకటి తీస్తే నాలుగు, మూడు కలిపితే ఏడు, తొమ్మిది కలిపితే పదహారు. రెండోదాంట్లో పంతొమ్మిదిలోంచి అయిదు పోతే పద్నాలుగు.

ఆ 19 అనే అంకె చూడండి. సున్నా అనో ఒకటి అనో పెట్టి ఉంటే 'ఏమీ ఇవ్వకపోతే ఏమీ ఉండదులే' అని మనం ఊహించుకునేవాళ్లం. 19ని ఎవరూ ఊహించలేరు. చదివి తీరాలి. రాసినవాళ్ల ఉద్దేశం అదేనో కాదో గానీ, నాకు అందులో ఒక గొప్ప పాఠం కనబడింది. ఆర్గ్యుమెంట్ మానెయ్యొచ్చని చెప్పడం సగం మాట. మానేస్తే ఏం జరుగుతుందో చెప్పడం మిగతా సగం.

ఇంకో సంగతి. పిలిచేటప్పుడు 'ఆప్షనల్' అనే మాట రాయకండి అని ఆ పుస్తకం నోరు తెరిచి చెబుతుంది. చూశారా, మా ల్యాబ్‌లో ఆ అమ్మాయి చేసిన పనిని వాళ్లు ముందే ఊహించారు. అలాగే పేర్ల విషయంలోనూ ఒక నియమం పెట్టుకున్నారు. ఆర్గ్యుమెంట్ పేరులో పూర్ణాంకం అని ఉంటే పూర్ణాంకమే ఇవ్వాలి. బఫర్ (ఈమాక్స్‌లో మనం దిద్దే పాఠం ఉండే చోటు) అని ఉంటే బఫరే ఇవ్వాలి. బఫర్లు అని బహువచనం ఉంటే సాధారణంగా బఫర్ల లిస్టు. ఆబ్జెక్ట్ అని ఉంటే ఏదైనా ఇవ్వొచ్చు. పేరు చూస్తేనే సగం పని అయిపోతుంది.

సరే, ఇప్పుడు పైథాన్‌కి వద్దాం. మీలో చాలామంది డిక్షనరీలు, అంటే కీ చెబితే దాని విలువ ఇచ్చే పట్టికలు, రోజూ వాడతారు. అందులో గెట్, పాప్ అని రెండు మెథడ్లు ఉన్నాయి. గెట్ చదివి ఊరుకుంటుంది, పాప్ చదివి తీసేస్తుంది. చాలా ఏళ్లు మాన్యువల్లో ఈ రెంటినీ ఎలా పిలవాలో చూపించే వరుసలు అచ్చం ఒకేలా ఉండేవి. కీ, దాని వెనక స్క్వేర్ బ్రాకెట్లో కామా, డీఫాల్ట్ (కీ దొరక్కపోతే బదులుగా ఇవ్వాల్సిన విలువ). మీరు అడిగిన కీ డిక్షనరీలో లేదనుకోండి. డీఫాల్ట్ కూడా ఇవ్వలేదనుకోండి. గెట్ మౌనంగా నన్, అంటే 'ఏమీ లేదు' అనే విలువ, ఇస్తుంది. పాప్ కీ ఎర్రర్ విసిరి ప్రోగ్రాంని ఆపేస్తుంది. ఒకే బ్రాకెట్, ఒకే పేరు. ఒకటి తల ఊపుతుంది, ఇంకోటి తలుపు మూసేస్తుంది. ఆ తేడా వరుసలో లేదు, కింద వివరణలో ఉంది. కింద వివరణ ఎంతమంది చదువుతారు? టెన్షన్‌లో ఉన్నప్పుడు మీరు చదువుతారా? వరుస చూసుకుని పరుగెత్తుతారు. నేనూ పరుగెత్తిన రోజులున్నాయి.

స్ప్లిట్ సంగతి ఇంకా సున్నితమైనది. ఒక వాక్యాన్ని మాటలుగా విడగొట్టాలి. దేని దగ్గర విడగొట్టాలో చెప్పకపోతే ఖాళీల దగ్గర విడగొడుతుంది. అందరికీ తెలిసిందే. అయితే 'ఖాళీ దగ్గర విడగొట్టు' అని మనమే చెబితే కూడా అదే జరుగుతుందని అనుకుంటాం. అలా జరగదు. రెండు మాటల మధ్య పొరపాటున రెండు ఖాళీలు పడ్డాయనుకోండి. ఏమీ ఇవ్వకుండా పిలిస్తే ఆ రెంటినీ కలిపి ఒకే గ్యాప్‌గా చూస్తుంది, రెండు మాటలు వస్తాయి. ఖాళీ అని మనం ఇస్తే ప్రతి ఖాళీ దగ్గరా విడగొట్టి, మధ్యలో అక్షరాలేమీ లేని ఒక ఉత్త స్ట్రింగ్‌తో కలిపి మూడు ముక్కలు ఇస్తుంది. అంటే ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోవడం అంటే ఒక విలువ బదులు ఇంకో విలువ వాడటం కాదు. పని చేసే పద్ధతే మారిపోయింది. మాన్యువల్ ఈ మాట స్పష్టంగానే చెబుతుంది. కానీ పై వరుసలో కనబడేది మాత్రం 'సెప్ ఈక్వల్స్ నన్' అని. సెప్ అంటే దేని దగ్గర విడగొట్టాలో చెప్పే ఆర్గ్యుమెంట్. నన్ అంటే ఏమీ లేదని కదా మనకి నేర్పింది!

ఈ నన్ మన తెలుగువాళ్లని ప్రత్యేకంగా ఏడిపించిన చోటు ఒకటుంది. అది చెప్పాలి.

ఫైలు తెరవడానికి ఓపెన్ అనే ఫంక్షన్ ఉంది. దానికి ఎనిమిది ఆర్గ్యుమెంట్లు. మొదటిది ఫైలు, అది తప్పనిసరి. మిగతా ఏడింటికీ డీఫాల్ట్‌లు, అంటే మనం ఇవ్వకపోతే వాడుకునే విలువలు, ఉన్నాయి. మొత్తం వరుసలో నాలుగోది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలని ఏ పద్ధతిలో బైట్లుగా రాయాలో చెప్పేది. దాని ఎదురుగా నన్ అని ఉంటుంది. ఏమీ లేదు, మనకి పట్టదు అనుకుని వదిలేస్తాం. కానీ ఇక్కడ నన్ అంటే 'మీ కంప్యూటర్ ఏది వాడితే అది' అని అర్థం. కింద వివరణలో ఆ మాట ఉంది. లినక్స్‌లో అది మామూలుగా యూటీఎఫ్-8. మన దగ్గర ఇంగ్లీషు సెట్టింగుతో ఉండే విండోస్ మెషీన్లలో అది 1252 అనే పాత కోడ్ పేజీ. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసినది. అందులో తెలుగు లేదు.

ల్యాబ్‌లో లినక్స్ ఉండేది. పిల్లలు అక్కడ తెలుగు పేర్ల జాబితాతో ప్రోగ్రాం రాసి, చక్కగా నడిపి, ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. ఇంట్లో విండోస్. మర్నాడు ఒకడు వచ్చి "నా ఫైల్లో పిచ్చి గుర్తులు వస్తున్నాయి మేడమ్" అన్నాడు. ఇంకొకడు "నాది చదవడమే లేదు, ఎర్రర్ వస్తోంది" అన్నాడు. ఇద్దరిదీ ఒకే ప్రోగ్రాం. నాకు చాలాసేపు అర్థం కాలేదు. కూర్చుని బైట్లు చూశాను. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే. దాన్ని 1252 ప్రకారం చదివితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ వస్తుంది. రెండోది డిగ్రీ గుర్తు గానీ ప్లస్ మైనస్ గుర్తు గానీ. మొదటివాడి ఫైల్లో 'రామ' ఉంది. అది గీత ఉన్న ఏలు, డిగ్రీ సున్నాలు, మధ్యలో ముప్పావు గుర్తు, చివర కంపెనీ సరుకుల మీద ఉండే రిజిస్టర్డ్ గుర్తుగా కనబడుతోంది. రెండోవాడి ఫైల్లో 'రాముడు' ఉంది. అక్కడ కొమ్ము ఉంది చూశారా, ఆ కొమ్ము మూడో బైటుకి 1252లో ఏ గుర్తూ కేటాయించలేదు. అందుకని చదవలేక ఎర్రర్ ఇచ్చింది. పొల్లుకీ అంతే గతి. పొల్లు లేకపోతే ఒత్తు లేదు. అంటే కొమ్మూ ఒత్తూ లేని తెలుగు రాస్తే చాలావరకు చెత్త కనబడుతుంది, ఉన్న తెలుగు రాస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. 'తెలుగు' అనే మాటలోనే రెండు కొమ్ములున్నాయి.

ఒక్క ఆర్గ్యుమెంట్ ఇస్తే చాలు, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని. అన్నీ సర్దుకుంటాయి. ఆ పిల్లలు దాన్ని వదిలేసింది నిర్లక్ష్యంతో కాదు. నన్ అనే మాట చూసి వదిలేశారు. పైథాన్ పెద్దలకీ ఇది అర్థమైంది. 3.15 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8నే డీఫాల్ట్ చెయ్యాలని పెప్ 686 అనే పత్రంలో నిర్ణయించారు. పాత వెర్షన్లు నడుస్తున్నన్నాళ్లూ మీరు మాత్రం రాయండి. ప్రతిసారీ రాయండి.

ఇక్కడ నేను మన తెలుగు వ్యాకరణం దగ్గరికి వెళ్తాను. కంప్యూటర్ మీటింగులో సంధులేమిటని అనుకోకండి, దీనికి చాలా దగ్గర సంబంధం ఉంది.

స్కూల్లో మూడు సూత్రాలు వల్లె వేశాం. ఉత్తుకి అచ్చు పరమైతే సంధి నిత్యం. ఇత్తుకి సంధి వైకల్పికం. అత్తుకి సంధి బహుళం. ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడండి. నిత్యం అంటే తప్పనిసరి. వైకల్పికం అంటే జరగొచ్చు, జరగకపోవచ్చు. అది మన స్క్వేర్ బ్రాకెట్టే. బహుళం అంటే ఒకచోట జరిగి, ఒకచోట జరగక, ఒకచోట ఇష్టాన్ని బట్టి, ఇంకోచోట వేరే రకంగా అయ్యేది. మాన్యువళ్లలో ఇన్నింటికీ కలిపి ఒక్క బ్రాకెట్ పెట్టి ఊరుకుంటున్నాం. మన వ్యాకరణంలో దేనికి దానికి విడిగా మాట ఉంది. 1858 నాటి బాలవ్యాకరణం మొదలయ్యేదే సంజ్ఞా పరిచ్ఛేదంతో. చిన్నయసూరి ముందు తాను వాడబోయే మాటలకి అర్థాలు చెప్పి, ఆ తర్వాతే సంధుల్లోకి వెళ్లాడు.

అసలు విషయం ఇంకా ముందుంది. ఏమి, అంటివి అనే రెండు మాటలున్నాయి. సంధి చేస్తే ఏమంటివి. అది వైకల్పికం కాబట్టి చెయ్యకపోవచ్చు. చెయ్యకపోతే ఏమవుతుంది? వ్యాకరణం అక్కడ మౌనంగా ఉండదు. సంధి లేనిచోట అచ్చు మీద అచ్చు వస్తే యడాగమం వస్తుందని ఇంకో సూత్రం సిద్ధంగా ఉంది. ఏమియంటివి. ఆ 'య' ఎక్కడినుంచో ఊడిపడలేదు. సంధి చెయ్యకపోతే ఏం జరగాలో నియమం పెట్టారు, అది జరిగింది. సంధి చెయ్యకపోవడం కూడా ఒక పనే, దానికీ ఒక ఫలితం ఉంది అని వాళ్లు గుర్తించారు. నేను మాన్యువళ్లలో ఎన్నోచోట్ల వెతికి దొరక్క బాధపడినది ఈ యడాగమ సూత్రమే. ఈ ఆర్గ్యుమెంట్ వైకల్పికం అని రాస్తారు. ఇవ్వకపోతే ఏ 'య' వచ్చి చేరుతుందో రాయరు.

వ్యాకరణం అన్నాను కాబట్టి విభక్తుల మాట కూడా చెప్పేస్తాను. గోపి రవికి పుస్తకం ఇచ్చాడు. పుస్తకం రవికి గోపి ఇచ్చాడు. రవికి గోపి పుస్తకం ఇచ్చాడు. ఎలా తిప్పినా పుస్తకం అందింది రవికే. ఎందుకంటే 'కి' రవిని అంటిపెట్టుకుని ఉంది. ఇంగ్లీషులో ఈ పేర్లు అటూ ఇటూ మారిస్తే ఇచ్చినవాడు పుచ్చుకున్నవాడైపోతాడు. అక్కడ చోటే అర్థం చెబుతుంది. ప్రోగ్రామింగ్‌లో కూడా ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. చోటును బట్టి ఇచ్చే ఆర్గ్యుమెంట్లు, పేరు పెట్టి ఇచ్చే ఆర్గ్యుమెంట్లు. పేరు పెట్టి ఇవ్వడం అంటే విభక్తి తగిలించి ఇవ్వడమే. సీ భాషలో విభక్తులు లేవు. మెమ్‌సెట్ అని ఒక ఫంక్షన్ ఉంది. ఎక్కడినుంచి, ఏ విలువతో, ఎన్ని బైట్లు నింపాలో వరుసగా చెప్పాలి. చివరి రెండూ అంకెలే. అవి తారుమారైతే భాష లెక్కలో తప్పేమీ లేదు. వంద బైట్లు సున్నాతో నింపమనబోయి, సున్నా బైట్లు వందతో నింపమంటాం. ఏమీ నిండదు. ఎర్రరూ రాదు.

పైథాన్ మాన్యువల్ ఇప్పుడు ఈ తేడాని రెండు గుర్తులతో చూపిస్తుంది. స్లాష్‌కి ముందున్నవి చోటును బట్టే ఇవ్వాలి. స్టార్ తర్వాత ఉన్నవి పేరు పెట్టే ఇవ్వాలి. స్టార్ 2008లో పైథాన్ 3తో వచ్చింది. స్లాష్‌ని 2019లో వచ్చిన 3.8 నుంచి మన ఫంక్షన్లలో మనమూ రాసుకోవచ్చు. స్లాష్ ఎందుకంటే, అది ఒక రకంగా స్టార్‌కి ఎదురు అని పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ సూచించాడు. ఆ పోలిక నాకు నచ్చుతుంది గానీ, కొత్తగా చూసేవాళ్లకి అదేమీ తెలియదు. విలువల్ని క్రమంలో పేర్చే సార్టెడ్ అనే ఫంక్షన్ వరుస చూడండి. మొదట ఒక ఆర్గ్యుమెంట్, కామా, స్లాష్, కామా, స్టార్, కామా, తర్వాత కీ, రివర్స్. ఇందులో ఎన్ని ఆర్గ్యుమెంట్లని అడిగితే మా క్లాసులో సగం మంది అయిదు అన్నారు. మూడే. స్లాష్ ఏమిటో వెతుకుదామంటే ఒంటరి గుర్తుని ఎలా వెతుకుతాం? ఈ స్లాష్ అంటే ఏమిటి అనే ప్రశ్నకి పైథాన్ వాళ్ల తరచూ అడిగే ప్రశ్నల్లో ప్రత్యేకంగా జవాబు రాయాల్సి వచ్చింది. అయినా స్క్వేర్ బ్రాకెట్ కంటే ఇవే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే ఇవి భాషలో నిజంగా ఉన్న గుర్తులు. పుస్తకంలో ఉన్నదే మీ కోడ్‌లోనూ రాయొచ్చు. పుస్తకం భాష, అసలు భాష ఒకటయ్యాయి.

వరసగా అంకెలు ఇచ్చే రేంజ్ విషయంలో వాళ్లు చేసిన పని ఇంకా బాగుంది. రేంజ్‌కి ఒక్కటే ఇస్తే అది ఎక్కడ ఆగాలో చెప్పేది. రెండిస్తే మొదటిది ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది. బ్రాకెట్లతో దీన్ని ఒకే వరుసలో చెప్పబోతే మొదటి ఆర్గ్యుమెంట్ మీదే బ్రాకెట్ పెట్టాలి, చదివేవాడి తల తిరుగుతుంది. అందుకని రెండు వరుసలు రాసేశారు. ఒకటిస్తే ఇలా, ఎక్కువిస్తే ఇలా. కాగితం కొంచెం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

పేర్ల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెతికే ఫంక్షన్లకి ఆర్గ్యుమెంట్ల పేర్లు సూది, గడ్డివాము అని ఇంగ్లీషులో పెట్టారు. పేర్లు ఎంత బాగున్నాయో! దేన్ని వెతకాలో, దేంట్లో వెతకాలో ఇట్టే తెలుస్తుంది. కానీ స్ట్రింగ్‌లో వెతికే ఫంక్షన్‌కి గడ్డివాము ముందు, సూది తర్వాత. అర్రేలో (విలువల జాబితాలో) వెతికేదానికి సూది ముందు, గడ్డివాము తర్వాత. ఇన్నేళ్లుగా వాడుతున్నవాళ్లు కూడా మాన్యువల్ తెరవక తప్పదు. 2020 నవంబర్‌లో వచ్చిన 8.0లో పేరు పెట్టి ఇచ్చే సౌకర్యం వచ్చింది. దాంతో ఏది ముందో గుర్తుపెట్టుకోవాల్సిన పని తగ్గింది. ఇంకో బాధ్యత పెరిగింది. అంతకుముందు మాన్యువల్లో ఆర్గ్యుమెంట్ పేరు చదువుకోవడానికి మాత్రమే. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇప్పుడు ఆ పేరు ఎవరెవరి ప్రోగ్రాంలలోనో ఉంటుంది. మారిస్తే అవి ఆగిపోతాయి. అందుకే పేరు పెట్టేముందు ఒక పూట ఆలోచించండి. పిల్లకి పేరు పెట్టినట్టే.

ఎవరైనా అడగదలచుకుంటే అడగండి.

(సభలోంచి ఒక విద్యార్థి: "మేడమ్, తెలుగులో మాన్యువల్ రాయాలంటే ఆర్గ్యుమెంట్ పేర్లని ఎలా గుర్తు పెట్టాలి? ఇంగ్లీషులో వేరే ఫాంట్‌లోనో పెద్ద అక్షరాల్లోనో రాస్తారు కదా?")

చాలా మంచి ప్రశ్న బాబూ. నేను ప్రసంగంలో చెప్పాల్సింది నువ్వే అడిగావు. ఈమాక్స్‌లో ఫంక్షన్ లోపల రాసే వివరణలో ఆర్గ్యుమెంట్ పేరుని పూర్తిగా పెద్ద అక్షరాల్లో రాస్తారు. మనకి పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు. ఇటాలిక్ చేద్దామంటే తెలుగు అక్షరాలు పక్కకి ఒరిగితే గుడులూ దీర్ఘాలూ ఒకదాని మీద ఒకటి పడి చదవడం కష్టమవుతుంది. అందుకని నేను బోల్డ్ గానీ, కోడ్ కోసం వాడే విడి ఫాంట్ గానీ వాడతాను.

దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. ఇందాక విభక్తిని పొగిడాను కదా, ఇక్కడ అదే అడ్డం వస్తుంది. విభక్తి పేరుకి అతుక్కుపోతుంది. 'సెప్‌ని ఇవ్వకపోతే', 'మోడ్‌కి విలువ ఇస్తే' అని రాశామనుకో, పేరు ఎక్కడ అయిపోయిందో, మన 'ని', 'కి' ఎక్కడ మొదలయ్యాయో కొత్తవాడికి తెలియదు. ఆ 'ని'తో సహా టైప్ చేసేవాళ్లని నేను చూశాను. అందుకని పేరు రాసి, పక్కన 'అనే ఆర్గ్యుమెంట్' అని పెడతాను. విభక్తి ఆర్గ్యుమెంట్ అనే మాటకి తగులుతుంది, పేరు విడిగా శుభ్రంగా ఉంటుంది. వాక్యం కొంచెం పొడుగవుతుంది. అయినా సరే.

నువ్వు రాసేటప్పుడు ఓపెన్‌తో మొదలుపెట్టు. ఇదుగో, నేను రాసుకున్న వరుస చదువుతాను, కావాలంటే రాసుకో. "మోడ్ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే ఫైలు చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, అందులో రాయడం కుదరదు. ఎన్‌కోడింగ్ అనే ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే 3.15 కంటే ముందు వెర్షన్లలో ఏ ఎన్‌కోడింగ్ వాడాలో మీ కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఫైల్లో తెలుగు ఉంటే ఇవ్వండి."